మన మత్తడి కింద ఎవరున్నారు?

కొన్నేళ్ల క్రితం సెప్టెంబరు నెలలో ఒక ఆదివారం. తెల్లవారుతుండగానే కల్వకుర్తికి కొద్ది దూరంలో ఉన్న ఒక చెరువు కట్ట మీదికి చేరుకున్నాము. బాప్తిస్మానికి సిద్ధపడిన ఏడుగురు విశ్వాసులు తెల్లబట్టలు కట్టుకొని వచ్చారు. పాట పాడి, ప్రార్థన చేసి నీళ్లలోకి అడుగు పెట్టబోతుండగా సంఘంలోని ఒక వృద్ధురాలు చెయ్యి అడ్డం పెట్టింది. "అయ్యగారూ, ఇయ్యాల దిగొద్దు. చాపలు తేలినయి సూడుండ్రి" అంది. నిజమే. తూము పక్కన, తుంగ అంచున, వేలెడేసి చేపలు తెల్లని పొట్టలు పైకి పెట్టి తేలుతున్నాయి. ఒడ్డున తుమ్మచెట్టు కింద రెండు ఖాళీ మందు డబ్బాలు పడి ఉన్నాయి.

మేము వెనుదిరిగాము. ఒక రైతు బోరు దగ్గరున్న సిమెంటు తొట్టి నింపించి అందులో బాప్తిస్మం ఇచ్చాము. ఆరాధన ముగిసి అందరూ వెళ్లిపోయాక సంఘ పెద్దల్లో ఒకాయన ఆగి, తల వంచుకొని, "అయ్యగారూ, నిన్న పొద్దుగూకంగ ఆ చెరువుల మందు పంపు కడిగింది నేనే" అన్నాడు. ఆ ఒక్క పంపు వల్లే చేపలు చచ్చాయని మేము అనలేము. ఆ రాత్రి పెద్ద వాన పడింది. ఎగువనున్న పత్తి చేలన్నిటి నీరూ ఆ చెరువులోకే వచ్చింది. ఆ నీటిని ఎవరూ పరీక్షకు పంపలేదు. అయినా ఆయన ఒప్పుకున్నాడు. ఏం చెప్పాలో తెలియక నిలబడిపోయింది మేమే. దొంగతనం గురించి, తాగుడు గురించి, అబద్ధం గురించి వందల ప్రసంగాలు చేసిన మేము, చెరువులో మందు పంపు కడగడం గురించి పాతికేళ్ల సేవలో ఒక్క మాటైనా చెప్పలేదు. అది పాపమని మాకే తోచలేదు.

పరిశుద్ధ గ్రంథానికి మాత్రం తోచింది. యెహెజ్కేలు గ్రంథం 34వ అధ్యాయాన్ని మనం సాధారణంగా చెడ్డ కాపరుల అధ్యాయంగా బోధిస్తాము. మంద సొమ్ము తిని మందను మేపని కాపరుల మీద దేవుని కోపం అందులో ఉంది, నిజమే. కాని 17వ వచనం దగ్గరికి వచ్చేసరికి దేవుడు కాపరులను వదిలి గొర్రెల వైపే తిరుగుతాడు. బలిసిన గొర్రెలను నిలదీస్తాడు. మీరు మంచి మేత మేశారు సరే, మిగిలినదాన్ని ఎందుకు తొక్కారు? తేట నీళ్లు తాగారు సరే, మిగిలిన నీళ్లను కాళ్లతో ఎందుకు కలగదొక్కారు? వెనుక వచ్చే నా గొర్రెలు మీరు తొక్కిన మేత మేసి, మీరు పాడుచేసిన నీళ్లు తాగాలా? ఇదీ ఆ వచనాల సారాంశం.

జాగ్రత్తగా గమనించండి. ఆ గొర్రెలు నీళ్లు దొంగిలించలేదు. తాగడం వాటి హక్కే. దేవుడు తప్పు పట్టింది తాగినందుకు కాదు, తాగిన తరువాత మిగిలిన నీటికి చేసినదానికి. మన అవసరం తీరాక మిగిలినదానికి ఏమవుతుందన్నది మనకు చిన్న విషయం. దేవునికి అది తీర్పు తీర్చదగినంత పెద్ద విషయం.

ఈ మాట మన దక్షిణ తెలంగాణ మెట్ట ప్రాంతానికి అర్థమైనంతగా మరెవరికీ అర్థం కాకూడదు. మన పూర్వికులు కట్టినవి గొలుసుకట్టు చెరువులు. పై చెరువు నిండితే మత్తడి దుంకుతుంది. ఆ నీరు వాగై కింది చెరువులో పడుతుంది. అది నిండితే దాని కింది చెరువు. కల్వకుర్తి చుట్టుపక్కల వాగుల నీరు దుందుభిలో కలుస్తుంది. దాన్నే డిండి వాగు అంటాము. అక్కడి నుంచి డిండి రిజర్వాయరుకి, చివరికి కృష్ణా నదికి. అంటే మన మత్తడి మరొకరికి ఊట. మన చెరువులో మనం కడిగిన పంపు నీళ్లు మనం ముఖం చూడని పల్లెలోని బర్రె తాగుతుంది. నా పొరుగువాడెవడని ఒక ధర్మశాస్త్ర పండితుడు యేసుప్రభువును అడిగాడు (లూకా 10:29). కల్వకుర్తిలో నిలబడి ఎవరైనా ఆ ప్రశ్న అడిగితే జవాబు సులువు. మన మత్తడి కింద ఉన్నవాడు మన పొరుగువాడు.

పాలమూరు అంటే ఒకప్పుడు వలసల జిల్లా. 2016లో జిల్లాల పునర్విభజన జరిగి కల్వకుర్తి నాగర్‌కర్నూలు జిల్లాలోకి వచ్చింది గాని, ఆ పాత పేరు తెచ్చిన కన్నీళ్లు మనవే. పిల్లలను ముసలివాళ్ల దగ్గర వదిలి బొంబాయికి, పూనాకు మట్టి పనికి వెళ్లిన కుటుంబాలు మన సంఘాల్లో లెక్కలేనన్ని. వాన కోసం ఉపవాస ప్రార్థనలు చేశాము. మహాత్మాగాంధీ కల్వకుర్తి ఎత్తిపోతల పథకం ద్వారా కృష్ణా జలాలు మెట్టకు ఎక్కినప్పుడు కళ్ల నీళ్లతో స్తోత్రం చెల్లించాము. 2015లో మొదలైన మిషన్ కాకతీయ కింద చెరువుల పూడిక తీస్తుంటే ఆనందించాము. అడిగిన నీళ్లు దేవుడు ఇచ్చాడు. ఇచ్చిన నీళ్లను ఏం చేశారని ఇప్పుడాయన అడిగితే మన దగ్గర జవాబుందా?

మన చెలకల్లో ఒకనాడు ఆముదం, జొన్న, కంది ఎక్కువ. మన పాలెం పరిశోధన కేంద్రానికి ఆముదం వంగడాల వల్లనే పేరు వచ్చింది. ఆ పంటలకు మందు కొట్టే పని తక్కువ. తరువాత పత్తి వచ్చింది. దేశంలో బీటీ పత్తికి 2002లో అనుమతి లభించింది. కాయతొలిచే పురుగు బెడద తగ్గిందని మొదట్లో రైతు ఊపిరి పీల్చుకున్నాడు. కాని రసం పీల్చే పచ్చదోమ, తెల్లదోమ, తామరపురుగులను బీటీ ఆపదు. కొన్నేళ్లకు గులాబీ రంగు పురుగు కూడా ఆ రక్షణకు అలవాటుపడింది. దానికి తోడు కలుపు తీసే కూలీలు దొరక్క గడ్డి మందు వచ్చింది. ఇప్పుడు జూలై నుంచి అక్టోబరు వరకు మన ఎర్రనేలల మీద మందు వాసన లేని వారం లేదు. సరిగ్గా ఆ నెలల్లోనే వానలూ పడతాయి. చెలక ఏటవాలు. కొట్టిన మందులో కొంత ఆకుకు అంటుకుంటుంది, మిగిలింది నేల మీద పడుతుంది. పడినదాన్ని వాన చెరువుకు చేరుస్తుంది.

చెరువులో అదేం చేస్తుంది? కొన్ని మందులు నీటిలో కరిగి నీటితో పాటు ప్రయాణిస్తాయి. ఇమిడాక్లోప్రిడ్ ఆ రకం. కొన్ని మట్టి రేణువులను పట్టుకొని వెళ్లి చెరువు అడుగున ఒండ్రులో కూర్చుంటాయి. సైపర్‌మెత్రిన్ ఆ రకం. మనుషుల మీద కొంత మెల్లగా ఉండే ఈ రెండో రకం మందులు చేపల మీద అతి క్రూరంగా పనిచేస్తాయి. లీటరు నీటిలో గ్రాములో పది లక్షల వంతుల లెక్కన కొద్ది వంతులున్నా చేపపిల్ల తట్టుకోలేదు. చేప చావకపోయినా చేప తినే నీటి పురుగులు చస్తాయి. 2016-17 నుంచి ప్రభుత్వం మన చెరువుల్లో ఉచితంగా చేపపిల్లలను వదులుతోంది. వాటి మీద బతికే మత్స్యకార కుటుంబాలు మన ఊళ్లలోనే ఉన్నాయి. ఒక రాత్రిలో చేపలన్నీ తేలిపోతే ఆ ఇంట్లో ఆ ఏడాది పంట పోయినట్టే. పత్తి పోతే ఏడ్చే మనకు చేప పోయిన ఇంటి ఏడుపు వినిపించాలి కదా!

లోకం ఈ పాఠం ఇప్పటికే ఒకసారి నేర్చుకుంది. అమెరికాలోని కాలిఫోర్నియాలో క్లియర్ లేక్ అనే మంచినీటి సరస్సు ఉంది. అక్కడ ముసురుకునే చిన్న దోమల్లాంటి పురుగులను చంపడానికి 1949లో, మళ్లీ 1954లో, 1957లో డీడీటీ జాతికే చెందిన డీడీడీ అనే మందు కలిపారు. కలిపింది ఎంత? సుమారు ఐదు కోట్ల పాళ్ల నీటికి ఒక పాలు మందు. ఎవరికీ హాని చేయనంత తక్కువ అనుకున్నారు. కాని ఆ మందు నీటి నాచులోకి, నాచు తిన్న చిన్న చేపలోకి, చిన్న చేపను తిన్న పెద్ద చేపలోకి, ఆ చేపను తిన్న పక్షిలోకి చేరుతూ పేరుకుపోయింది. గ్రీబ్ అనే నీటిపక్షులు వందల సంఖ్యలో చచ్చిపోయాయి. వాటి కొవ్వును పరీక్షిస్తే నీటిలో ఉన్నదానికి ఎనభై వేల రెట్లు మందు కనిపించింది. రేచెల్ కార్సన్ అనే శాస్త్రవేత్త 1962లో తన 'సైలెంట్ స్ప్రింగ్' పుస్తకంలో ఈ సంగతి రాశాక లోకం కళ్లు తెరిచింది. అమెరికా 1972లో డీడీటీని నిషేధించింది. మన దేశం 1989లో వ్యవసాయానికి దాని వాడకాన్ని ఆపింది. నేడు మనం వాడే మందులు చాలావరకు అలా పేరుకుపోయే రకం కావు, నిజమే. కాని నీటిలో ఇంత కొంచెం పడితే ఏమవుతుందిలే అనే మనసు మాత్రం అదే.

అంత దూరం ఎందుకు? 2020 డిసెంబరులో ఏలూరులో ఏం జరిగిందో మనం టీవీల్లో చూశాము. ఉన్నట్టుండి మనుషులు మూర్ఛ వచ్చి పడిపోయారు. కొద్ది రోజుల్లో ఆరు వందల మంది దాకా ఆసుపత్రుల పాలయ్యారు. రోగుల రక్తంలో సీసం, నికెల్ కనిపించాయని వైద్య నిపుణులు చెప్పారు. నిపుణుల నివేదికలు చూశాక పురుగుమందుల అవశేషాలే ప్రధాన కారణమని భావిస్తున్నట్టు నాటి ప్రభుత్వం ప్రకటించింది. అవి శరీరాల్లోకి ఏ దారిన చేరాయో తేలాలంటే ఇంకా లోతైన అధ్యయనం కావాలని కూడా చెప్పింది. ఏలూరు పక్కనే కొల్లేరు ఉంది. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్యనున్న పెద్ద మంచినీటి సరస్సు. అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలగా 2002లో గుర్తింపు పొందింది. రెండు డెల్టాల పొలాల మురుగునీరు, చేపల చెరువుల నీరు చివరికి చేరేది అక్కడికే. కొల్లేరుకు జరిగేది రేపు మన ఊరి కుంటకు జరగదని ధీమాగా చెప్పగలమా?

నీళ్లు విషమైతే ఎలా ఉంటుందో నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల వాళ్లకు మరొకరు చెప్పనక్కరలేదు. ఫ్లోరైడు నీళ్లు తాగి పళ్లు గారపట్టిన పిల్లలను, ఎముకలు వంగిపోయి నడవలేని పెద్దలను ప్రార్థన కోసం మన మందిరాలకు మోసుకొచ్చారు. వాళ్ల తలల మీద చేతులుంచి ప్రార్థించాము. కాని ఒక తేడా ఉంది. ఫ్లోరైడు రాతిలోంచి వచ్చింది. దానికి ఏ రైతూ కారణం కాదు. పురుగుమందు మన చేతిలోంచి వచ్చింది. రాయి పశ్చాత్తాపపడలేదు. మనిషి పడగలడు.

మా మాటలకు రైతుల నుంచి వచ్చే ఎదురు ప్రశ్న మాకు తెలుసు. "అయ్యగారూ, పురుగు తిని పోతే అప్పు మీరు కడ్తరా?" అని మమ్మల్ని ముఖం మీదే అడిగారు. ఆ ప్రశ్నలో కోపం కన్నా భయం ఎక్కువ. 1997-98లో లద్దెపురుగు విరుచుకుపడి, ఎన్ని మందులు కొట్టినా చావక, అప్పుల్లో మునిగి వరంగల్ జిల్లాలో పత్తి రైతులు ఎందరో ప్రాణాలు తీసుకున్నారు. మన చుట్టుపక్కల కూడా అలాంటి ఇళ్లున్నాయి. ఆ సమాధుల దగ్గర నిలబడి వాక్యం చదివిన వాళ్లం మేము. అలాంటి రైతును దోషిగా నిలబెట్టడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. పంటకు రోగం చెప్పేవాడు, మందు ఇచ్చేవాడు, ఉద్దెర పెట్టేవాడు ముగ్గురూ ఒక్కరే అయినప్పుడు, రైతు తన ఇష్టప్రకారం మందు కొట్టాడని అనడం న్యాయం కాదు. పైగా ఆ మందుకు మొదట బలయ్యేది రైతే. 2017లో పొరుగు రాష్ట్రం మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో పత్తి చేలకు మందు కొడుతూ ఆ విషం పీల్చి ఇరవై మంది దాకా రైతులు, కూలీలు చనిపోయారు. మందు కలపడానికి బిందెలతో నీళ్లు మోసే ఆడవాళ్లు మన సంఘాల సహోదరీలే.

అయినా ఒక మాట చెప్పక తప్పదు. అప్పు మందు కొట్టిస్తుందేమో గాని, పంపు తెచ్చి చెరువులో కడిగించదు. ఖాళీ డబ్బాను వాగులోకి విసిరేయించదు. భయంతో చేసే పనులు కొన్ని, నిర్లక్ష్యంతో చేసేవి కొన్ని. మొదటివాటికి మనం కలిసి దారి వెతకాలి. రెండోవాటిని ఈ రోజే మానాలి. నిర్గమకాండంలో ఒక చట్టముంది (21:33, 34). గొయ్యి తవ్వి దాని మీద కప్పు వేయకుండా వదిలేస్తే, అందులో పొరుగువాడి ఎద్దో గాడిదో పడి చస్తే, గొయ్యి తవ్వినవాడు నష్టం చెల్లించాలి. చంపాలని తవ్వలేదు కదా అనే సాకు అక్కడ చెల్లదు. కప్పు వేయకపోవడమే నేరం. చెరువు గట్టున పడి ఉన్న మందు డబ్బా కప్పు వేయని గొయ్యి.

మరికొందరు, మనకు మిషన్ భగీరథ నల్లా వచ్చింది, చెరువు నీళ్లు ఎవరు తాగుతున్నారని అంటారు. మనుషులు తాగకపోవచ్చు. బర్రెలు తాగుతున్నాయి, మేకలు తాగుతున్నాయి, కొంగలు తాగుతున్నాయి. ఆ బర్రె పాలు మన పిల్లలు తాగుతున్నారు. ఆ చేప మన కూరలోకే వస్తుంది. నీళ్లు కాచి తాగితే చాలనుకోవడం కూడా పొరపాటే. కాచితే క్రిములు చస్తాయి గాని మందు పోదు. క్లోరిన్ కలిపినా అంతే. ఐగుప్తులో నైలు నది చెడిపోయినప్పుడు మొదట చేపలు చచ్చాయి, తరువాత నీళ్లు కంపుకొట్టాయి, ఆఖరికి జనం నది పక్కనే చెలమలు తవ్వుకున్నారని నిర్గమకాండం 7వ అధ్యాయం చెబుతుంది. ఆ వరుసను గమనించండి. చేపలు ముందు, మనుషులు తరువాత. చేపలు తేలిన రోజున అది మనకు కూడా వచ్చిన కబురని ఆ వృద్ధురాలు గుర్తించింది. చదువుకున్న మాకన్నా ముందు గుర్తించింది.

ఇక మూడో అభ్యంతరం విశ్వాసుల నుంచే వస్తుంది. ఈ భూమి ఎలాగూ కాలిపోయేదే కదా, మన పని ఆత్మల రక్షణ కదా అంటారు. పేతురు రెండో పత్రిక మూడో అధ్యాయాన్ని చూపిస్తారు. కాని అదే అధ్యాయం నీతి నివసించే కొత్త భూమి గురించి కూడా మాట్లాడుతుంది, అందుకు తగినట్టు మీరెలా బతకాలో చూసుకోండి అని హెచ్చరిస్తుంది. ప్రకటన గ్రంథం 11:18 అయితే ఇంకా సూటిగా, భూమిని నాశనం చేసేవారిని దేవుడు నాశనం చేసే కాలం వస్తుందని చెబుతుంది. ఇల్లు యజమాని కూల్చుతాడని తెలిసినంత మాత్రాన అద్దెకున్నవాడు బావిలో చెత్త వేయవచ్చా? భూమి తనదని, మనం దానిమీద పరదేశులమని దేవుడు లేవీయకాండంలో (25:23) ముందే చెప్పాడు. సృష్టి అంతా మూలుగుతూ దేవుని కుమారుల ప్రత్యక్షత కోసం కనిపెడుతోందని అపొస్తలుడైన పౌలు రాశాడు (రోమా 8). చచ్చిన చేపల మధ్య నిలబడి ఆ మూలుగు వినని చెవి ఆత్మల మూలుగు మాత్రం ఎలా వింటుంది?

చట్టాలు లేవా? ఉన్నాయి. పురుగుమందుల చట్టం 1968లో వచ్చింది. ఖాళీ డబ్బాలను తిరిగి వాడకుండా పగలగొట్టి నివాసాలకు దూరంగా పూడ్చాలని 1971 నాటి నిబంధనలు చెబుతున్నాయి. 2018లో కేంద్ర ప్రభుత్వం పద్దెనిమిది మందుల నిషేధానికి ఉత్తర్వులిచ్చింది. వాటిలో పన్నెండింటిని వెంటనే, ఫోరేట్, ట్రయజోఫాస్ వంటి ఆరింటిని 2020 చివరి నుంచి ఆపింది. మన పత్తి రైతుకు బాగా తెలిసిన మోనోక్రోటోఫాస్ 36 శాతం మందు మీద కూడా 2023లో నిషేధపు ఉత్తర్వు వచ్చింది. ప్రతి డబ్బా మీద విషం తీవ్రతను చెప్పే రంగు గుర్తు ఉంటుంది. ఎరుపు అన్నిటికన్నా తీవ్రం, తరువాత పసుపు, తరువాత నీలం, చివర ఆకుపచ్చ. మన సంఘాల్లో ఎంతమందికి ఈ సంగతి తెలుసు? బైబిలు పుస్తకాల వరుస అప్పగించే మన సండే స్కూలు పిల్లలు ఈ నాలుగు రంగులు కూడా నేర్చుకుంటే వాళ్ల నాన్న ప్రాణం కాపాడినవాళ్లవుతారు.

మందు లేకుండా పత్తి పండదా? ఈ ప్రశ్నకు జవాబు మన తెలుగు పల్లెలే ఇచ్చాయి. నాటి ఖమ్మం జిల్లా పాల్వంచ మండలంలోని పునుకుల గ్రామం పత్తి, మిరప పండించే ఊరు. అప్పులతో, మందులతో విసిగిపోయిన ఆ ఊరి రైతులు, ముఖ్యంగా మహిళా సంఘాలు గట్టిగా నిలబడడంతో, 2004 నాటికి పురుగుమందులు పూర్తిగా మానేశారు. దాన్ని చూసి నాటి ఉమ్మడి రాష్ట్రంలో మహిళా సంఘాల ద్వారానే పురుగుమందులు లేని సస్యరక్షణ లక్షల ఎకరాలకు పాకింది. నేటి జనగామ జిల్లాలోని ఏనెబావి అనే చిన్న పల్లె ఇంకా ముందుకు వెళ్లి రసాయన ఎరువులు కూడా మానుకుంది. వాళ్లు చేసినవి మన తాతలకు తెలియనివి కావు. వేసవిలో లోతు దుక్కి, చేను చుట్టూ జొన్న, మధ్యలో ఆముదం, బంతి మొక్కలు, పక్షులు వాలడానికి కొమ్మలు, లింగాకర్షక బుట్టలు, వేపగింజల కషాయం. లద్దెపురుగు ఆముదం ఆకు మీద, శనగపచ్చ పురుగు బంతి పువ్వు మీద ముందు వాలుతుంది. అక్కడే ఏరి పారేయవచ్చు. మన చెలకల్లోంచి మనం వెళ్లగొట్టిన ఆముదం చేను కాపలాకైనా తిరిగి రావాలేమో!

ఇదంతా ప్రభుత్వం చేయాల్సిన పని అని చేతులు దులుపుకుందామా? యెరికో పట్టణస్థులు ఊరు బాగుంది గాని నీళ్లు చెడ్డవి అని ఎలీషా దగ్గరికి వచ్చారు (2 రాజులు 2:19-22). ప్రవక్త వాళ్ల కుండల్లోని నీళ్లను బాగుచేయలేదు. నీటి ఊట దగ్గరికి నడిచి వెళ్లి అక్కడ బాగుచేశాడు. మనం కూడా ఊట దగ్గరికి వెళ్లాలి. మన చెరువుకు ఊట మన చేనే.

అందుకే మా సంఘంలో కొన్ని చిన్న తీర్మానాలు చేసుకున్నాము. చెరువులో, వాగులో, బావి దగ్గర మందు పంపు కడగము. ఖాళీ డబ్బాను మూడుసార్లు నీళ్లతో తొలిచి, ఆ నీళ్లను పంపులోనే పోసి చేనుకే కొడతాము. డబ్బాకు చిల్లులు పెట్టి ఒక చోట పోగుచేస్తాము, ఇంట్లో నీళ్లకో నూనెకో వాడము. వాన సూచన ఉన్న రోజు మందు కొట్టము. చెరువు వైపున్న గట్టు మీద రెండు మూడు బారల వెడల్పున గడ్డిని గడ్డి మందుతో మాడ్చకుండా పెరగనిస్తాము. అది కొట్టుకొచ్చే మట్టిని ఆపుతుంది. ఈ ఏడాది ఇద్దరు రైతులు చెరో ఎకరంలో మందు లేకుండా పత్తి వేశారు. పంట తగ్గితే ఆ నష్టంలో కొంత సంఘం భరిస్తుందని మాట ఇచ్చాము. అప్పు మీరు కడతారా అని అడిగిన ప్రశ్నకు పూర్తి జవాబు కాకపోయినా, ప్రార్థన చేస్తాము అనే జవాబు కన్నా ఇది నయమని మా నమ్మకం.

ఈ తీర్మానాలు చేసిన రోజున మేము మరొకటి ఒప్పుకోవలసి వచ్చింది. ఏటా కోత పండుగకు విశ్వాసులు పత్తి బస్తాలు, వడ్ల సంచులు తెచ్చి బలిపీఠం ముందు పెడతారు. వేలం వేస్తాము, ఆనందిస్తాము. ఆ పంట పండించడానికి చెరువు ఏం చెల్లించిందని ఏనాడూ అడగలేదు. మందు అమ్మే దుకాణదారుడు మన సంఘ సభ్యుడే అయితే, ఆయన కానుక పెద్దదని ఆయనను ఏమీ అనలేదు. కాళ్లతో నీళ్లు కలగదొక్కిన బలిసిన గొర్రెల్లో కాపరి కూడా ఉన్నాడు. ఆ సంఘ పెద్ద మా దగ్గర ఒప్పుకున్నాడు. మేము మా సంఘం ముందు ఒప్పుకున్నాము.

హెబ్రీ భాషలో 'షామర్' అనే ఒక మాట ఉంది. కాపాడడం, కనిపెట్టి ఉండడం అని దాని అర్థం. దేవుడు ఆదామును ఏదెను తోటలో ఉంచి రెండు పనులు అప్పగించాడు (ఆదికాండం 2:15). ఒకటి సేద్యం చేయడం, రెండోది దాన్ని కాయడం. అక్కడ వాడింది ఈ మాటే. నాలుగో అధ్యాయంలో కయీను, నా తమ్ముడికి నేను కాపలావాడినా అని దేవుణ్ణే ఎదురు ప్రశ్నించినప్పుడు వాడింది ఈ మాటే. కయీను కూడా సేద్యగాడే. సేద్యం చేశాడు గాని కాయలేదు. ఇక ఆరాధన ముగిశాక ప్రతి ఆదివారం మీ కాపరి చేతులెత్తి అహరోను దీవెన పలుకుతాడే, దేవుడు నిన్ను కాపాడాలని (సంఖ్యాకాండం 6:24), అక్కడున్నదీ ఈ మాటే. తోటను కాయమన్న మాటతోనే దేవుడు మనల్ని కాస్తానంటున్నాడు. కాయబడే దీవెన కావాలి గాని కాసే పని వద్దంటే ఎలా?

ఆ చెరువులో మేము మళ్లీ బాప్తిస్మం ఇవ్వలేదు. ఇంకా ఆ తొట్టిలోనే ఇస్తున్నాము. తొట్టిలో ఇచ్చినంత మాత్రాన బాప్తిస్మానికి తక్కువేమీ లేదు. కాని ఒక మనిషి పాత జీవితానికి చచ్చి కొత్త జీవితానికి లేచే నీళ్లు చేప కూడా బతకలేని నీళ్లు కాకూడదని మా ఆశ. పోయిన వానాకాలం ఆ సంఘ పెద్ద తన చేను గట్టున బంతి మొక్కలు నాటాడు. ఆ వృద్ధురాలు మాత్రం ప్రతి ఆదివారం మందిరానికి వచ్చే ముందు కట్ట మీద ఆగి నీళ్ల వైపు చూసి వస్తుంది. ఏం చూస్తున్నావమ్మా అంటే, "చాపలు ఎగురుతున్నయా లేదా అని, అయ్యగారూ" అంటుంది.

ప్రియులారా, రేపు మీ ఊరి చెరువు కట్ట మీద మీరూ ఒకసారి ఆగండి. నీళ్ల వైపు చూడండి. తరువాత మత్తడి వైపు తిరిగి, దాని కింద ఎవరున్నారో చూడండి.